పేటవారి ప్రదర్శనశాల: జాన్ కినార్డు జీవితము

పూర్వము మద్రాసు పట్టణమును చూచి వచ్చిన మన పెద్దలు ఎగ్మూరులోని ప్రదర్శనశాలను చచ్చిన కాలేజీ అనియు, జంతువులశాలను బ్రతికిన కాలేజీ అనియు చెప్పుకొనుచుండెడివారు. వినోదమునకు పుట్టిన మాటయే అయినను అందులో ఒక విమర్శ దాగియున్నది. గాజు బీరువాలలో వస్తువులు కదలక మెదలక పడియుండును. వాటికిని చూపరికిని నడుమ అద్దముండును. అద్దము ప్రక్కన తాకరాదను పలక యుండును. అది ఎవరి యింటి వస్తువో, ఎవరి చెమటతో తయారైనదో, అక్కడికెట్లు చేరినదో అడుగవలెనన్న చెప్పువారుండరు. వచ్చినవాడు నోరు తెరచి చూచి, బయటికి వచ్చి, వేరుశనగకాయలు కొనుక్కొని ఇంటికి పోవును.

అమెరికా రాజధానియగు వాషింగ్టన్ నగరమున, బీదలు నివసించు ఒక పేటలో, మూతపడిన సినిమాహాలులో, ఈ చచ్చిన కాలేజీకి ప్రాణము పోసిన వ్యక్తి జాన్ కినార్డు. ఆయన పురాతత్త్వవేత్త కాడు, కళావిమర్శకుడును కాడు, చర్చిలో ప్రార్థన చేయించు పాదరీ. 1967 లో ఆ పనిని చేపట్టునాటికి ఆయన వయస్సు 30 ఏండ్లు. ప్రదర్శనశాలను నడుపుటయందు ఆయనకు ఎట్టి శిక్షణమును లేదు. ఆ లోపమే ఆ పేటకు మేలు చేసినదని నా అభిప్రాయము.

ఆయన కథ తెలియవలెనన్న ముందుగా ఆ పేట కథ తెలియవలెను. వాషింగ్టన్ నగరము గుండ అనకాస్టియా అను నది పారుచున్నది. దానికి ఒకవైపున శాసనసభా భవనము, ప్రభుత్వ కార్యాలయములు, ప్రసిద్ధ ప్రదర్శనశాలలు. ఆవలి ఒడ్డున ఉన్న పేటకు నది పేరే పేరు. 1854 లో అక్కడ యూనియన్‌టౌన్ అను పేర స్థలములు విభజించి అమ్మినప్పుడు, వాటిని నల్లజాతివారికి అమ్మరాదని దస్తావేజులలోనే షరతు వ్రాసిరి. అంతర్యుద్ధము ముగిసి బానిసత్వము రద్దయిన పిమ్మట, 1867 లో, విముక్తులైన బానిసల క్షేమమును చూచు ప్రభుత్వశాఖ ఆ సమీపముననే 375 ఎకరముల భూమిని కొని, చిన్న చిన్న ఖండములుగా వారికి అమ్మెను. బారీ ఫార్మ్ అని దానికి పేరు. పగలెల్ల నగరములో కూలిపని చేసి, రాత్రివేళ లాంతర్ల వెలుతురున కుటుంబమంతయు కలిసి వారు ఇండ్లు కట్టుకొనిరి. 1877 లో ఫ్రెడరిక్ డగ్లస్ ఆ పేటకు వచ్చెను. బానిసగా పుట్టి, పారిపోయి స్వతంత్రుడై, తన వక్తృత్వముచే అమెరికాను కదిలించిన ఆ మహనీయుడు, నల్లవారికి అమ్మరాదన్న షరతును త్రోసిరాజని కొండమీద ఇల్లు కొని, 1895 లో మరణించువరకు అక్కడనే నివసించెను.

ఇంత చరిత్ర గల పేట 20 వ శతాబ్ది మధ్యభాగమునకు వచ్చుసరికి తన చరిత్రను తానే మరచినట్లయ్యెను. 1950 తరువాత నగరపు నైరుతి భాగములోని పాత యిండ్లను పునర్నిర్మాణము పేర పడగొట్టగా, అందలి నల్లజాతి కుటుంబములు అనేకము నది దాటి ఇక్కడికి చేరెను. తెల్లవారు శివారులకు తరలిపోయిరి. బడులు క్రిక్కిరిసెను, కొలువులు దొరకుట కష్టమయ్యెను. కొలది మైళ్ళ దూరమున స్మిత్‌సోనియన్ సంస్థవారి మహాప్రదర్శనశాలలు వరుసగా నిలిచియుండెను. ప్రవేశమునకు రుసుము లేదు. అయినను అనకాస్టియావారు వాటి గడప త్రొక్కుట అరుదు. ఆ భవనములు తమకొరకు కట్టినవని వారికి ఎన్నడును తోచలేదు.

జాన్ కినార్డు 1936 నవంబరు 22 వ తేదీన ఆ వాషింగ్టన్ నగరముననే జన్మించెను. నల్లవారికి వేరు బడి, తెల్లవారికి వేరు బడి ఉన్న కాలమది. అట్టి భేదము చెల్లదని సుప్రీంకోర్టు 1954 లో తీర్పు చెప్పునాటికి ఆయన 17 ఏండ్ల బాలుడు. తరువాత ఉత్తర కరోలినా రాష్ట్రములోని సాలిస్బరి పట్టణమున చదువుకొని, అక్కడి హుడ్ వేదాంత విద్యాలయమునుండి 1963 లో పట్టము పొందెను.

చదువు ముగియకముందే, 1962 లో, ఆయన జీవితములో ఒక ముఖ్యఘట్టము గడచెను. జేమ్స్ రాబిన్‌సన్ అను నల్లజాతి మతాచార్యుడు స్థాపించిన ఆపరేషన్ క్రాస్‌రోడ్స్ ఆఫ్రికా అను సంస్థ, అమెరికా విద్యార్థులను ఆఫ్రికా గ్రామములకు పంపుచుండెను. ఉపన్యాసము లిచ్చుటకు కాదు. ఆ ఊరి యువకులతో కలిసి ఇటుకలు మోసి, గోడలు కట్టుటకు. కినార్డు టాంగనీకా దేశమునకు పోయెను. ఆ దేశమునకు స్వాతంత్ర్యము వచ్చి అప్పటికి ఏడాదియైనను కాలేదు. ఆ తరువాతను ఆయన ఆ సంస్థ పక్షమున తూర్పు ఆఫ్రికాలో కొంతకాలము పనిచేసెను. ఒక ఊరివారికి ఏమి కావలెనో ఆ ఊరివారినే అడుగవలెనను బుద్ధి ఆయనకు ఏ గ్రంథమువలననో కాక, ఆ గోడల పనివలన అబ్బినదని ఊహించుట తప్పు కాదు. స్వదేశమునకు వచ్చి ఆయన పేటలలో యువకులకు పనులు చూపించు కార్యక్రమములందు పాల్గొనెను; ఒక మెథడిస్టు చర్చిలో సహాయ పాదరీగా నుండెను.

ఇక ప్రదర్శనశాల సంగతి. 1964 లో స్మిత్‌సోనియన్ సంస్థకు కార్యదర్శియైన డిల్లన్ రిప్లే స్వయముగా పక్షిశాస్త్రజ్ఞుడు. సలీం ఆలీతో కలిసి భారత, పాకిస్తాన్ దేశముల పక్షులను గూర్చి 10 సంపుటముల గ్రంథమును రచించిన రిప్లే ఇతడే. బీదలు మహాప్రదర్శనశాలలకు రాకున్నచో ప్రదర్శనశాలయే బీదలున్న చోటికి పోవలెనని ఆయనకు తోచెను. పాలరాతి మేడలో గాక, చాకలి దుకాణములు, కిరాణా కొట్లు ఉన్న బజారులో, ఏదో పాత కట్టడములో ఒక చిన్న శాఖను తెరచినచో, అక్కడ అలవాటుపడిన జనము క్రమముగ పెద్ద ప్రదర్శనశాలలకు వత్తురని ఆయన ఆశ. అనకాస్టియాలోని పౌరసంఘమువారు ముందుకు వచ్చి, ఆ శాఖ తమ పేటలో నుండవలెనని కోరిరి. పేటలోని ప్రధానవీథియగు నికొల్స్ అవెన్యూలో కార్వర్ థియేటరు అను సినిమాహాలు మూతపడియుండెను. దానిని అద్దెకు తీసికొనిరి. దానికి అధిపతిగా జాన్ కినార్డును నియమించిరి.

ఆ కొలది నెలలలో జరిగిన పని ఉపాధ్యాయులు ప్రత్యేకముగ గమనింపదగినది. ఏయే వస్తువులు పెట్టవలెనో నిర్ణయించుటకు పేటవారితోనే ఒక సలహాసంఘ మేర్పడెను. అందలి సభ్యులలో గృహిణులు, వర్తకులు, సంఘసేవకులు ఉండిరి. పేటలోని కుర్రవాండ్రు రంగులు వేయుటకు పూనుకొనిరి. సంఘమువారు పట్టుబట్టిన విషయ మొకటి కలదు: పిల్లలు వస్తువులను చేతితో తాకుటకు వీలుండవలెను. నిపుణులకు ఇది మింగుడుపడని కోరిక. తాకిన వస్తువు అరుగును, విరుగును. అయినను పేటవారి మాటయే నెగ్గెను.

1967 సెప్టెంబరు 15 వ తేదీన తలుపులు తెరచిరి. వీథిలో బాండుమేళము, జనము తిరునాళ్ళకు వచ్చినట్లు వచ్చిరి. లోపల 1890 ప్రాంతపు అనకాస్టియా దుకాణమొకటి అచ్చముగా నిర్మింపబడియుండెను. దానిలోనే చిన్న తపాలాకచేరి. వెన్న చిలుకు యంత్రము, ఐసుక్రీము త్రిప్పు పీపా, నీటి పంపు, కుట్టుమిషను, టైపుమిషను. అన్నియు పిల్లలు స్వయముగా త్రిప్పి చూడదగినవే. మరియొక ప్రక్క అంతరిక్షమునకు మనుష్యుని మోసికొనిపోయిన మెర్క్యురీ గుళిక నమూనా. ఎముకలను విడదీసి తిరిగి కూర్చుకొనుటకు పెట్టెలు. నాటకము లాడుటకు వేదిక. ఒక మూల కోతి, చిలుక, పాము మొదలగు జీవములతో చిన్న జంతుశాల. మద్రాసు చూచివచ్చిన మన పెద్దలు ఈ సినిమాహాలును చూచియుండినచో రెండు కాలేజీలును ఒకే కప్పు క్రింద ఉన్నవని సంతోషించియుందురు.

ఇంతవరకు రిప్లే కోరినట్లే జరిగెను. అంతరిక్ష గుళికయైనను, ఎముకలైనను పెద్ద ప్రదర్శనశాల రుచిని పేటవారికి చూపించుటకు వచ్చినవే. కాని వల వేసినవాడు ఒక చేప ననుకొనగా మరియొకటి పడినట్లయ్యెను. జనము వచ్చిరి, వచ్చి, నదికి ఆవలనున్న మేడల మార్గము నడుగలేదు. తమ మాట నడిగిరి. నల్లజాతివారి చరిత్ర ఏది? మా పేట కథ ఏది? మా కష్టములు ఏ బీరువాలో నున్నవి? ప్రదర్శనశాల తెరచిన ఏడు నెలలలోపల, 1968 ఏప్రిలులో, మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగెను. వాషింగ్టన్ నగరములో వీథులు వీథులే తగులబడెను. సైన్యము దిగెను. అట్టి నగరములో పాత టైపుమిషనును చూపించి ఊరకుండుట ఎట్లు? చిక్కంతయు ఇక్కడనే యున్నది. పేదలకు వినోదము పంచి పెట్టుట సులభము. దానికి ఎవరును అడ్డు చెప్పరు. పేదలు తమ గోడు చెప్పుకొనుటకు తావిచ్చుట వేరు. కినార్డు రెండవ దానిని ఎన్నుకొనెను.

ఆ ఎన్నిక ఫలితముగా 1969 నవంబరులో ఒక ప్రదర్శనము వెలసెను. దాని విషయము ఎలుక.

మనకు ఎలుక వినాయకుని వాహనము. గాదెలోని ధాన్యమును దోచు దొంగ. ప్లేగు నాళ్ళు చూచిన మన తాతలకు మృత్యుదూత. అనకాస్టియాలో అది పసిపిల్లల ప్రక్కలోనికి వచ్చు శత్రువు. ప్రదర్శనశాలకు వచ్చు పిల్లల మాటలలో ఎలుకల ప్రసక్తి దొరలుచుండెను. ఎలుక ఇంట తిరుగుట వారికి ఎండవానల వంటి నిత్యసత్యము. పెద్దలు సిగ్గుపడి దాచుకొను మాటను పిల్లలు దాచలేదు. దానిని చెవినొగ్గి వినుటయందే కినార్డు, ఆయన సహోద్యోగుల గొప్పతనము కలదు.

ఇక్కడ మరియొక సంగతి చెప్పవలసియున్నది. కార్వర్ థియేటరులో రంగులు వేయుచున్న ఆ 1967 వేసవిలోనే, నదికి ఆవల అమెరికా ప్రతినిధిసభ ముందునకు ఎలుకల నిర్మూలనమునకై నగరములకు 4 కోట్ల డాలర్ల సహాయ మీయవలెనను బిల్లు వచ్చెను. సభ్యులు కొందరు పరిహాసములాడిరి, సభ నవ్వెను, బిల్లును చర్చకైనను తీసికొనక జూలై నెలలో త్రోసివేసిరి. దేశమంతట నిరసన చెలరేగిన మీదట, ఆ యేడే మరొక చట్టములో భాగముగా సహాయమునకు మార్గ మేర్పడెను. చట్టములు చేయువారు నవ్విన విషయమును పేటవారు రెండేండ్ల తరువాత గంభీరముగా, శాస్త్రీయముగా ప్రదర్శనమున కెక్కించిరి.

ఆ ప్రదర్శనమునకు పెట్టిన పేరులోనే ఎలుక మానవుడు పిలిచి తెచ్చుకొనిన పీడ అను భావము కలదు. చెత్త పడియున్న పెరడు నొకదానిని నిర్మించి, అందు ప్రాణముతోనున్న ఎలుకలను విడిచిరి. ఆ జంతువు దేశదేశములకు మనుష్యుని వెంట ఎట్లు ప్రయాణించినది, దాని శరీరనిర్మాణ మెట్టిది, అది తెచ్చు వ్యాధు లేవి, దానిని అరికట్టు ఉపాయము లేవి అనునవి పటములతో, బొమ్మలతో వివరింపబడెను. ఎలుక ముందుపండ్లు జీవితాంతము పెరుగుచునే యుండుననియు, అందుచేతనే అది ఏదో ఒకటి కొరుకక యుండజాలదనియు, సుమారు మూడు వారములకే గర్భము ఫలించి ఈనుననియు తెలిసికొనిన పిల్లవాడు, తన యింటి మూలనున్న చెత్తడబ్బా మూతను మరచిపోడు. జంతుశాస్త్రము, ఆరోగ్యశాస్త్రము, పౌరశాస్త్రము మూడును ఒకే పాఠముగా ఇమిడిన విధము చూడుడు. ప్రదర్శనశాలలో ఎలుకలేమిటని కొందరు ముక్కున వ్రేలు వేసికొనిరి. కాని ఆ ప్రదర్శనముతోనే అనకాస్టియా పేరు ప్రదర్శనశాలల లోకమున మారుమ్రోగెను.

తరువాతి సంవత్సరములలో ఆ మార్గమే విస్తరించెను. 1970 లో లార్టన్ కారాగారమును గూర్చిన ప్రదర్శనము వచ్చెను. వాషింగ్టన్ నగరపు ఖైదీల నుంచు జైలు అది. పేటలో అనేక కుటుంబములకు అక్కడ ఒక బిడ్డయో, అన్నయో ఉన్నవారే. 1972 లో పేట చరిత్రను గూర్చిన ప్రదర్శనమునకై వృద్ధుల యిండ్లకు పోయి, వారి జ్ఞాపకములను సేకరించిరి. బారీ ఫార్మ్ కాలపు ముచ్చటలు, పాత ఛాయాచిత్రములు, పెట్టెల అడుగున మరుగుపడిన కాగితములు బయటికి వచ్చెను. శాలకు రాలేని వారికై బండిలో వస్తువులను వేసికొని బడులకు పోవు ఏర్పాటును జరిగెను. విద్యావిభాగమును నడిపిన జోరా మార్టిన్ ఫెల్టన్ ఈ కార్యములలో ఆయనకు కుడిభుజము. కినార్డు పేరు చెప్పి ఆమె పేరు విడిచిపెట్టుట న్యాయము కాదు.

పండితులకు ఒక సందేహము వదలలేదు. ప్రదర్శనశాల యనగా సేకరణము కదా. ఈ శాలకు ఆదిలో సొంత సేకరణమే లేదే, దీనిని ప్రదర్శనశాల యనుట ఎట్లు? ప్రశ్న తేలికైనది కాదు. అరువు వస్తువులతో, కాగితపు పటములతో వెలసిన ప్రదర్శనము ముగిసిన వెనుక మిగులున దేమి? కినార్డు దృష్టిలో వస్తువుకంటె మనుష్యుడు ముందు. ప్రజలకు పనికిరాని ప్రదర్శనశాలకు ప్రజాధనముపై హక్కు లేదని ఆయన వాదము. 1971 లో ఫ్రాన్సు దేశములో జరిగిన అంతర్జాతీయ ప్రదర్శనశాలల మహాసభలో ఆయన ఈ పక్షమును వినిపించెను. మాతృసంస్థయైన స్మిత్‌సోనియన్‌తోను ఆయనకు పొత్తు ఎల్లప్పుడును తీయగా సాగలేదు. జీతమిచ్చు సంస్థకు విధేయుడుగా నుండవలెనా, నమ్ముకొనిన పేటకు విధేయుడుగా నుండవలెనా అను చిక్కు ఆయనను 22 ఏండ్లు వెన్నాడెను. సంస్థలోపల ఉండియే సంస్థను విమర్శించుట ఆయన పద్ధతి. అట్టివారు పదవిలో నిలుచుటయే అరుదు. ఆయన మరణించువరకు నిలిచెను. అమెరికాలోని నల్లజాతి ప్రదర్శనశాలలన్నియు కలిసి 1978 లో సంఘముగా ఏర్పడుటలో ఆయనకు ప్రధానపాత్ర కలదు.

కాలము గడచినకొలది కార్వర్ థియేటరు ఇరుకయ్యెను. విలువైన వస్తువులను అరువు తెచ్చి భద్రపరచుటకు ఆ పాత హాలు తగినది కాదు. 1987 లో ప్రదర్శనశాల ఫోర్ట్ స్టాంటన్ ఉద్యానములోని కొత్త భవనమునకు మారెను. అంతర్యుద్ధకాలమున కోట ఉన్న గుట్ట అది. భవనము చక్కనిది; వస్తువులకు రక్షణము కలిగెను. కాని నికొల్స్ అవెన్యూలో, అప్పటికి మార్టిన్ లూథర్ కింగ్ పేరు పెట్టిన ఆ వీథిలో, బడినుండి ఇంటికి పోవుచు పుస్తకముల సంచితోనే లోనికి దూరిన పిల్లవాడు గుట్ట యెక్కి వచ్చునా? బజారులో కూరగాయలు కొని, ఒక నిమిషము లోనికి తొంగిచూచిన తల్లి వచ్చునా? ప్రదర్శనశాల పెరిగినది, పేటకు కొంత దూరమైనదని చెప్పక తప్పదు. పేరులోనుండి పేట అను అర్థమిచ్చు మాటయు ఆ యేడే తొలగిపోయెను. అది కేవలము అనకాస్టియా ప్రదర్శనశాల అయ్యెను.

ఆ కొత్త భవనములో కినార్డు రెండేండ్లు మాత్రమే పనిచేసెను. 1989 ఆగస్టు 5 వ తేదీన, 52 ఏండ్ల వయస్సున, వ్యాధిగ్రస్తుడై మరణించెను. 1993 లో జోరా మార్టిన్ ఫెల్టన్ మరియొక సహోద్యోగినితో కలిసి ఆయన చరిత్రను గ్రంథముగా వెలువరించెను. నదికి ఆవలనున్న మేడల వరుసలో నల్లజాతివారి చరిత్రకు, సంస్కృతికి ఒక జాతీయ ప్రదర్శనశాల వెలయుటకు 2016 వరకు పట్టినది; అనకాస్టియా సినిమాహాలు తలుపులు తెరచి అప్పటికి 49 ఏండ్లు. గుట్టమీది భవనమునకు మాత్రము 2006 లో మరల పేరు మార్చిరి. ఈసారి అనకాస్టియా అను మాటకును మ్యూజియము అను మాటకును నడుమ, సామాన్య జనసమాజమను అర్థమిచ్చు కమ్యూనిటీ అను మాటను చేర్చిరి.